సరస్సుకి అడ్డంగా టీవీ

మా మిన్నెసోటాలో మనిషికి ఏం కావాలో ఆ మనిషి నోట వినడం గగనం. కాఫీ ఇవ్వనా అంటే "వద్దులెండి" అంటారు. మళ్లీ అడిగితే "నా కోసం ప్రత్యేకంగా పెట్టకండి" అంటారు. మూడోసారి అడిగితే "సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి, కొంచెం" అని కప్పు నిండా తాగి, ఇంకో కప్పుకి మళ్లీ మొదట్నుంచీ మొదలుపెడతారు. మొదటిసారి అడగ్గానే "ఇవ్వండి" అన్నవాడి గురించి ఊరంతా చెప్పుకుంటాం. ఈ తంతు అంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్లుమంట. డెబ్బై నాలుగేళ్లొచ్చినా నేనూ అదే చేస్తుంటాను.

నా తమ్ముడు ఆర్విడ్ ఈ విద్యలో నన్నూ మించినవాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ తెల్లవారకముందే లేచి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. బండిలో ఒక్కడే, మాట్లాడే పని లేదు. భార్య ఇంగా ఉన్నప్పుడు ఆవిడే ఇద్దరి మాటలూ మాట్లాడేది. ఆవిడ పోయాక సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఇంట్లో వాడూ, వెనక్కి వాలే కుర్చీ ఒకటీ, పాత డబ్బా టీవీ ఒకటీ మిగిలారు. ఆ టీవీలో మనుషులందరూ పచ్చగా కనిపించేవారు. వార్తలు చదివే అమ్మాయికి పసరు తాగించినట్టుండేది. "బాగు చేయించరా" అంటే "వినపడుతోందిగా" అనేవాడు.

అలాంటివాడు శనివారం శనివారం గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. కారణం మేవిస్. మా చర్చిలో ఆదివారం కాఫీ కాచేది ఆవిడే. బడిలో వంటమనిషిగా చేసి రిటైరైంది, భర్త పోయి చాలాకాలమైంది, బజారు పక్కన అపార్టుమెంటులో ఒక్కతే ఉంటుంది. ఆ ఇంటి కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే స్థలం తప్ప ఇంకేమీ కనపడదు. శనివారం మధ్యాహ్నం ఏదో ఒక కేకు చేసి పట్టుకుని ఆర్విడ్ ఇంటికొస్తుంది. నేనూ వెళ్తాను. ముగ్గురం పేకాడుకుంటాం. ఆవిడ ఎప్పుడూ హాల్లో సరస్సు వైపు కిటికీ ఎదురుగా ఉన్న చెక్క కుర్చీలోనే కూర్చుంటుంది. నా తమ్ముడికి ఆవిడంటే ప్రాణం. ఆ సంగతి నాకు తెలుసు, పాస్టరు గారికి తెలుసు, పెట్రోలు బంకులో కుర్రాళ్లకి కూడా తెలుసు. ఆవిడకి మాత్రం వాడు చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఓ శనివారం పేకముక్కలు సర్దుకుంటూ మేవిస్ చెప్పింది. కూతురు కారిన్ అరిజోనా వచ్చేయమంటోందట. గది సిద్ధంగా ఉందట, అక్కడ మంచన్నదే ఉండదట. "రేపు కాక వచ్చే ఆదివారం ఫోన్ చేసి వస్తానో రానో చెప్తానన్నాను" అంది. అని ముక్కల వైపు చూసింది. ఆర్విడ్ కూడా ముక్కల వైపే చూశాడు. "ఎండ మంచిదే కదా, కీళ్లకి" అన్నాడు చివరికి. ఆ ముక్కలు తీసి వాడి నెత్తిన కొట్టాలనిపించింది నాకు.

సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అక్కా, టీవీ కొందామనుకుంటున్నాను."

"ఇన్నాళ్లకా? ఏమైంది, జనం నీలంగా కనపడుతున్నారా?"

"అది కాదు. హాల్లోకి పల్చగా, పెద్దగా ఉండేదొకటి. నీకేం పని లేకపోతే నువ్వూ వస్తావేమోనని. మేవిస్‌ని కూడా అడగొచ్చేమో. ఆవిడకి కుదిరితేనే. కుదరకపోతే ఫర్వాలేదు."

 మావాడికి మోకాలి మీద కూర్చుని ఉంగరం ఇవ్వడం చేతకాదు. హాల్లో ఏ టీవీ పెట్టాలో నువ్వు చెప్పు అని ఒక ఆడమనిషిని అడగడమే వాడికి చేతనైన పెళ్లి మాట. నాకు నిజంగా సంతోషమేసింది. "కుదురుతుందిలే" అన్నాను.

కొట్టులో గోడంతా టీవీలే. అన్నిట్లోనూ ఒకే చిలక ఒకేసారి రెక్కలు విప్పుతోంది. మా దగ్గరికొచ్చిన అమ్మకాలావిడ పేరు డెనీస్. నలభై అయిదేళ్లుంటాయి, న్యూజెర్సీ నుంచి కొత్తగా వచ్చిందట. ఆవిడ గొంతు కొట్టు ఆ చివరిదాకా వినపడుతోంది.

"రండమ్మా, రండి సార్! అబ్బ, ఏం చలండీ మీ ఊళ్లో, ముక్కు ఉందో లేదో తడిమి చూసుకోవాల్సొస్తోంది. చెప్పండి, కూర్చునే చోటికీ టీవీకీ మధ్య ఎంత దూరం?"

"ఉంటుందండీ, కొంచెం" అన్నాడు ఆర్విడ్.

"గదిలోకి వెలుతురు బాగా పడుతుందా?"

"పడుతుందనే చెప్పాలి."

"పోనీ ఎంతమంది చూస్తారు?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఇప్పటికైతే ఒక్కణ్ణే" అన్నాడు.

ఇప్పటికైతే! జన్మలో వాడు ఇంత తెగువగా మాట్లాడగా నేను వినలేదు. మేవిస్ వైపు చూశాను. ఆవిడ ఓ టీవీ వెనక్కి వంగి, వైర్లు పెట్టే కంతల్ని ఎప్పుడూ చూడనట్టు పరిశీలిస్తోంది. కానీ మెడ దాకా ఎర్రబడింది, అది నా కంట పడింది.

ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. "మేవిస్, మీకేది బావుందనిపిస్తోంది?"

"అయ్యో, అన్నీ బావున్నాయి. మీ ఇల్లు కదా, మీకు నచ్చింది తీసుకోండి."

ఇది మొదటిది. దీన్నెవరూ లెక్కలోకి తీసుకోరు.

"అది కాదు, మీ కళ్లకి ఏది హాయిగా ఉంటుందో చెప్తే..."

"నా సంగతెందుకండీ. మీ ఇంట్లోకి మీరు కొనుక్కుంటున్నారు."

ఇది రెండోది. అంటూనే ఆవిడ ఓ మధ్యరకం టీవీ అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. మరీ చిన్నదీ కాదు, పెద్దదీ కాదు, మూల బల్ల మీద ఒద్దికగా ఇమిడిపోయేది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి కదలడంలేదు. ఆర్విడ్ మూడోసారి అడగడానికి నోరు తెరిచాడు. నేను ఊపిరి బిగబట్టాను.

"ఆవిడ ఏదైనా ఫర్వాలేదంటున్నారుగా సార్!" అంది డెనీస్. "ఇంకా బతిమాలతారేంటి పాపం? ఇటు రండి, అసలు సరుకు చూపిస్తాను."

"కాస్త ఆగమ్మా, ఇంకా అవలేదు" అన్నాను నేను.

"ఏం అవలేదు?"

ఏమని చెప్పను? వాళ్ల ఊళ్లో వద్దంటే వద్దు, కావాలంటే కావాలి. అందులో ఆవిడ తప్పేముంది? నిజం చెప్పాలంటే ఆవిణ్ణి చూసి నాకు ఈర్ష్యే కలిగింది. నేను మాట వెతుక్కునేలోపు ఆవిడ నా తమ్ముణ్ణి జబ్బ పట్టుకుని ఎనభై అయిదు అంగుళాల టీవీ ముందు నిలబెట్టేసింది. అందులో చిలక నా అంత ఉంది. ప్రతి ఈకా విడివిడిగా కనిపిస్తోంది.

"అమ్మో, ఎంత పెద్దదో!" అంది మేవిస్.

మా వైపు దాన్ని మెచ్చుకోలు అనరు. కానీ ఆర్విడ్‌కి అప్పటికే బుర్ర పనిచేయడం మానేసింది. ఆవిడ నోటివెంట ఓ మాట వచ్చింది, అది చాలనుకున్నాడు. "ఇదే ఇవ్వండి" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో ముగ్గురం రోడ్డు మీద మంచు గురించి మాట్లాడుకున్నాం. మేవిస్ ఇల్లొచ్చేదాకా ఇంకో మాట లేదు.

గురువారం కొట్టువాళ్లు తెచ్చి, కింద స్టాండు బిగించి నిలబెట్టి వెళ్లారు. శనివారం నేను కాస్త ముందుగా వెళ్లి, బూట్లు విప్పి, హాల్లో అడుగుపెట్టి గుడ్లప్పగించాను. కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నల్లటి పలక.

"ఒరేయ్, చెరువేదిరా?"

"వెనకాలే ఉంది."

"వెనకాలేంట్రా!"

"ఇంకెక్కడ పెట్టమంటావు? ఆ పక్క పొయ్యి, ఈ పక్క మెట్లు, అటేమో తలుపు. ఇది పట్టేది ఇక్కడే. చెరువెక్కడికీ పోదక్కా. పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నానుగా."

"నువ్వు చూశావు సరే. ఆవిడెప్పుడూ ఈ కిటికీ దగ్గరే కూర్చుంటుంది కదరా!"

"కిటికీ కింద హీటరుందిగా. చలి మనిషి" అన్నాడు నా తమ్ముడు, ఎంతో తెలిసినవాడిలా.

నేను నెత్తి కొట్టుకోబోయి ఆగిపోయాను. వాడి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ కనపడింది. పైగదిలో దుప్పటి కప్పి ఉంచిన మెత్తటి కుర్చీ అది. ఒక్కడే మోసుకుంటూ కిందికి దించాడు కాబోలు. గుడ్డ శుభ్రం చేశాడు, వీపుకి దిండు పెట్టాడు, కాళ్లకి ఉన్ని దుప్పటి మడతపెట్టి ఉంచాడు. ఇంత చేసినవాణ్ణి ఏమని తిడతాను?  కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మేవిస్ యాపిల్ కేకుతో వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్లతో హాల్లోకి నాలుగడుగులు వేసి ఆగింది. మొహంలో ఏదో ఆరిపోయింది. వెంటనే నవ్వు తెచ్చుకుంది.

"చాలా బావుంది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో!"

"మీకు నచ్చుతుందనే అనుకున్నాను."

"ఎందుకు నచ్చదు? చాలా బావుంది."

మెత్తటి కుర్చీ చూపిస్తే దాని అంచున కూర్చుంది. టీవీలో మంచు మీద రాళ్లు జారించే ఆట వస్తోంది. ఒక్కో రాయీ స్నానాల తొట్టి అంత ఉంది. రాళ్ల ముందు చీపుళ్లతో మంచు ఊడుస్తూ పరిగెత్తేవాళ్ల చెమట బొట్టుబొట్టుగా లెక్కపెట్టుకోవచ్చు. మేవిస్ ఆటని మెచ్చుకుంది, కుర్చీని మెచ్చుకుంది, నా కాఫీని కూడా మెచ్చుకుంది. నా కాఫీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇన్నాళ్లుగా ఈ ఇంట్లో తిరిగిన మనిషి ఒక్కసారిగా చుట్టమైపోయింది. చుట్టాలు దేనికీ వంక పెట్టరు. మధ్యలో ఓసారి మెడ పక్కకి సాచి, టీవీ అంచుకీ కిటికీ చట్రానికీ మధ్య బెత్తెడు సందులోంచి బయటికి తొంగి చూసింది. 

కేకు కోసే నెపం మీద ఆవిణ్ణి వంటింట్లోకి లాక్కెళ్లాను.

"నీకది నచ్చలేదు. వాడితో చెప్పు."

"ఆయన ఇల్లు. చెప్పడానికి నేనెవర్ని, సోల్విగ్?"

"వాడు కొట్టులో నిన్నే అడిగాడు కదా!"

మేవిస్ కత్తి బల్ల మీద పెట్టేసింది. "రెండుసార్లే అడిగారు" అంది.  "మూడోసారి అడుగుతారని చూశాను. ఆవిడ పిలవగానే అటు వెళ్లిపోయారు. హమ్మయ్య, తప్పించుకున్నాను అనుకున్నారేమో. ఈ వయసులో మనిషి మీద మనిషి వెళ్లి పడకూడదు కదా. రేపు కారిన్‌తో వస్తున్నానని చెప్పేస్తాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కేకు పళ్లెం ఆవిడ చేతిలో పెట్టి, ఆర్విడ్‌ని వరండాలో కట్టెలు తేవాలని బయటికి పిలిచాను.

"మూడోసారి అడగరా మొద్దూ!"

"ఏమని?"

"టీవీ గురించేరా!"

వాడు కట్టెల వైపు చూస్తూ నిలబడ్డాడు. "మీ ఇల్లు, మీ ఇంట్లోకి అని రెండుసార్లూ అంది. అంతకంటే మర్యాదగా ఎవరు కాదంటారక్కా? అక్కడ కూతురుంది, ఎండుంది. ఇక్కడేముంది, మంచు తప్ప."

"నువ్వున్నావు కదరా."

వాడు కట్టెలు ఎత్తుకుని లోపలికి వెళ్లాడు. చలికి నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ క్షణంలో నా ఊరంటే, నా మనుషులంటే, మా మర్యాదలంటే నాకు పీకల్దాకా కోపం వచ్చింది.

పొద్దు వాలుతుంటే మేవిస్ లేచింది. మా వాళ్లు లేచిన వెంటనే వెళ్లరు. కూర్చున్నంతసేపూ రాని మాటలు కోటు వేసుకున్నాకే వస్తాయి. ఆవిడ కోటు వేసుకుంది, మఫ్లరు చుట్టుకుంది, బూట్లు తొడుక్కుంది. ఆర్విడ్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"రోడ్డు జారుడుగా ఉన్నట్టుంది" అన్నాడు.

"నెమ్మదిగానే వెళ్తాను."

"అరిజోనాలో ఈపాటికి ఎండగా ఉంటుంది."

"ఉంటుందట."

"మంచిదే."

"మంచిదే మరి."

ఆవిడ తలుపు పిడి మీద చెయ్యి వేసింది. నేను గోడ వైపు తిరిగిపోయాను, చూడలేక. అప్పుడు వెనక నుంచి వాడి గొంతు వినపడింది, బొంగురుగా.

"మేవిస్. ఆ టీవీ మీకు నిజంగా నచ్చిందా?"

పిడి తిరగలేదు. నేను ఇటు తిరిగి చూసేసరికి మేవిస్ తలుపు వదిలేసి లోపలికి వస్తోంది. బూట్లతో! మంచు బూట్లతో హాల్లో తివాచీ మీదికి! మా ఊళ్లో ఇల్లు తగలబడుతున్నా ఆ పని ఎవరూ చెయ్యరు. తిన్నగా టీవీ ముందుకి వెళ్లి, దానికి వీపు పెట్టి, మా ఇద్దరి వైపూ తిరిగి నిలబడింది.

"నచ్చలేదు. ఒక్క పిసరు కూడా నచ్చలేదు. ఇది టీవీయా, గోడా? మొహం మీదికొచ్చి పడుతోంది. ఆ ఆటగాడి ముక్కులో వెంట్రుకలు నాకెందుకు? చెరువు పోయింది. చీకటిపడితే, గడ్డకట్టిన చెరువుకి కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్లు వాళ్ల గుడిసెల్లో దీపాలు పెట్టుకుంటారు, అవీ పోయాయి. వారం వారం ఈ చలిలో పడి ఎందుకొస్తున్నాననుకున్నావు?"

"హీటరు కోసం అనుకున్నాను" అన్నాడు నా తమ్ముడు. వాడికి అబద్ధం చెప్పడం రాదు.

"హీటరా! మా ఇంట్లో లేదా హీటరు? సగం ఈ చెరువు కోసం, సగం నీ కోసం. ఈ ఇంట్లో నేనుండాలంటే ఈ దరిద్రం ఇక్కడ ఉండటానికి వీల్లేదు!"

అనేసి, తనే అన్నానా అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బూట్ల నుంచి కరిగిన మంచు తివాచీలోకి ఇంకుతోంది. దాని వంక ఎవరూ చూడలేదు. ఇంగా పోయాక ఆ ఇంట్లో నిలబడి ఆర్విడ్‌ని తిట్టినవాళ్లు లేరు. నా తిట్లు వాడు లెక్కపెట్టడు. వాడి మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. అంత ఆనందం ఆ మొహంలో నేను మళ్లీ చూస్తాననుకోలేదు.

"అటు వైపు పట్టుకో" అన్నాడు ఆవిడతో. "అక్కా, నువ్వు వైర్లు చూడు."

ముగ్గురం కలిసి అంగుళం అంగుళం జరిపాం. నా నడుం పట్టేసింది. ఆర్విడ్ వేలు నలిగింది. మేవిస్ కోటు విప్పకుండానే "ఇటు కాదు, అటు, నీకెన్నిసార్లు చెప్పాలి" అని అరుస్తూనే ఉంది. చివరికి టీవీ మెట్ల దారికి అడ్డంగా గోడకి జేరబడింది. కిటికీ నిండా సరస్సు తెల్లగా పరుచుకుని ఉంది. దూరంగా గుడిసెల్లో అప్పుడే ఒకటీ అరా దీపాలు వెలుగుతున్నాయి. మేవిస్ తన చెక్క కుర్చీ లాక్కోబోయి, ఆగి, ఆ మెత్తటి కుర్చీని కిటికీ ఎదురుగా ఈడ్చుకుంది. ఆర్విడ్ తన కుర్చీని దాని పక్కకి తోసుకున్నాడు.

అప్పుడు ఆవిడ కోటు జేబులోంచి ఫోను తీసింది. ఆదివారం దాకా ఆగలేదు.

"కారిన్, నేనమ్మా. లేదు లేదు, బాగానే ఉన్నాను, కాస్త ఆయాసం అంతే. చూడు, నేను అక్కడికి రావడంలేదు. వసంతంలో ఓ పది రోజులు చూడ్డానికి వస్తాలే. ఏం లేదమ్మా, ఇక్కడ పనుంది. హాల్లోకి వేరే టీవీ తేవాలి." అవతల కూతురు ఏదో గట్టిగా అడిగింది. మేవిస్ ఆర్విడ్ వైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు. "ఎవరి హాల్లోకేంటే? మా హాల్లోకి."